వైర్లన్నీ భూమిలో పాతేస్తే పోలా?

ఇవాళ ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ మధ్య ఒక ఎపిసోడ్‌లో మాటల మధ్యలో, "తుఫాను వచ్చినప్పుడల్లా స్తంభాలు పడిపోతాయి, మళ్ళీ అవే నిలబెడతారు. ఇదేం లాజిక్? వైర్లన్నీ భూమిలో పాతేస్తే పోలా?" అనేశాను. ఆ సాయంత్రమే మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. "ఒరేయ్, బీటెక్ చదివావుగా, ఖర్చెంతవుతుందో లెక్క వేసుకునే చెప్పావా?" అన్నాడు. వేసుకోలేదు. ఆ లెక్క ఇవాళ వేద్దాం.

మాది ఈపురుపాలెం, చీరాల పక్కన. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కరెంటు పోతే నాకు ల్యాప్‌టాప్ ఆగిపోతుంది, అంతే. బాబాయికి అయితే అప్పుడే పని మొదలవుతుంది. ఆ రాత్రి ఆయన ఫోన్ కలవక పిన్ని గుమ్మంలోనే కూర్చుంది. తెల్లారాక వచ్చాడు, చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి. నేను అడిగిన మొదటి మాట, "కరెంటు ఎప్పుడొస్తుంది బాబాయ్?" అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. స్తంభాల మీద వెళ్ళే అల్యూమినియం తీగకి తొడుగు ఉండదు. చుట్టూ ఉన్న గాలే ఇన్సులేషన్, ఆ గాలి ఫ్రీ. అదే తీగని భూమిలో పెట్టాలంటే గాలి చేసే పనిని ప్లాస్టిక్ పొరలతో చేయించాలి. 11 వేల వోల్టుల కేబుల్ అంటే లోపల తీగ, దాని మీద మందమైన ఇన్సులేషన్, దాని మీద లోహపు కవచం, పైన ఇంకో తొడుగు. పైగా తీగలో పుట్టే వేడి గాలిలో కలిసిపోయినంత తేలిగ్గా మట్టిలోకి పోదు. అందుకే అంతే కరెంటుకి ఇంకాస్త లావు కేబుల్ కావాలి.

కేబుల్‌తో అయిపోలేదు. రోడ్డు తవ్వాలి, కింద ఉన్న నీళ్ళ పైపులూ డ్రైనేజీ తగలకుండా చూసుకోవాలి, పూడ్చాలి, మళ్ళీ రోడ్డు వెయ్యాలి. జాయింట్లు, వీధి చివర డబ్బాలు, స్విచ్ గేర్ అన్నీ అదనం.

దీనికి మన రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. కొన్ని రోజులపాటు నగరం చీకట్లో ఉంది. ఆ తర్వాత అక్కడ భూగర్భ కేబుళ్ళ పని మొదలుపెట్టారు. దాని ఖర్చు సుమారు 720 కోట్లు. అదీ నగరంలో కొంత భాగానికే. డబ్బు ఎక్కడిదంటే, తుఫాను నష్టం నుంచి కోలుకోవడానికి 2015లో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన అప్పులోంచి. అంత పెద్ద నగరానికే అప్పు కావాల్సి వచ్చింది. మరి మన ఊరికి ఎవరిస్తారు?

ఇది పేద దేశాల సమస్య మాత్రమే అనుకోకండి. కాలిఫోర్నియాలో అడవులు తగలబడకుండా 10 వేల మైళ్ళ లైన్లు పాతేస్తామని అక్కడి కరెంటు కంపెనీ 2021లో ప్రకటించింది. ఖర్చు మైలుకి దాదాపు 30 లక్షల డాలర్లు. మన డబ్బుల్లో పాతిక కోట్లు! చివరికి అది జనం బిల్లుల్లోకే వస్తుంది. ట్రూ అప్ ఛార్జీలు చూసి బిల్లు పట్టుకుని తిట్టుకునే మనకి ఇది వేరే చెప్పాలా?

ఇంకో చిక్కు మన నేల. చీరాల వైపు గుంట మగ్గం నేసేవాళ్ళని అడగండి. వానాకాలం గుంటలోకి నీళ్ళు ఊరి పని ఆగిపోతుంది. కేబుల్ వేసే కందకం కూడా దాదాపు అంతే లోతు. నీళ్ళలో నానే జాయింటు సరిగ్గా చెయ్యకపోతే ఏదో ఒకరోజు పోతుంది. అప్పుడు స్తంభాల లైన్ అయితే తెగిన చోటు కంటికి కనిపిస్తుంది. భూమిలో అయితే మెషీన్ తెచ్చి వెతకాలి, తవ్వాలి. లోపాలు తక్కువగానే వస్తాయి, కానీ వచ్చినప్పుడు బాగు చెయ్యడానికి టైం ఎక్కువ పడుతుంది.

మరి వదిలేద్దామా? వదలకూడదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. స్తంభాలకయ్యే ఖర్చులో ఈ ప్రాణాలు ఏ గడిలో రాస్తాం? తుఫానులో స్తంభం ఎక్కేవాడి ప్రాణం ఏ గడిలో రాస్తాం? పాతడం ఖరీదు అనేవాళ్ళు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నాలాగా అన్నీ పాతెయ్యండి అనేవాళ్ళు 720 కోట్ల గడి వదిలేస్తారు.

నాకు అర్థమైంది ఇది. ఆసుపత్రికి, మంచినీళ్ళ పంపులకి, సెల్ టవర్లకి వెళ్ళే ఫీడర్లు ముందు పాతాలి. బజారు, రథం తిరిగే వీధులు ఆ తర్వాత. మిగతా వీధుల్లో తొడుగున్న తీగలు మెలేసిన ఏబీ కేబుల్ చాలు, దాని ఖర్చు పాతడంతో పోలిస్తే చాలా తక్కువ. పొలాల్లో లైన్లకి గట్టి స్తంభాలు చాలు. ఇంకోటి, మీ వీధిలో ఎలాగూ కొత్త రోడ్డో డ్రైనేజో వేస్తుంటే, అప్పుడే ఖాళీ పైపు కూడా పడెయ్యమని వార్డు మీటింగ్‌లో అడగండి. తవ్వే ఖర్చు ఒక్కసారితో పోతుంది.

ఈ లెక్కంతా బాబాయికి చదివి వినిపించాను. "ఇప్పుడు సరిగ్గా చెప్పావు" అన్నాడు. తర్వాత, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

ఈసారి కరెంటు పోయినప్పుడు మీ లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే, ఆ ఒక్క మాట మీరూ అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.