మాట – నమ్మకం
(వెంకటగిరికోటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక, పది నిమిషాలు ఇంగ్లీషు జాతీయాల మీద మాట్లాడమన్నారు. మాటను నమ్మడం గురించిన జాతీయాలనే ఎంచుకున్నాను. కారణం చివర్లో మనవి చేస్తాను.

‘టేక్ మై వర్డ్ ఫర్ ఇట్’ అంటే రుజువు అడగకండి, నేను చెబుతున్నాను గదా, నమ్మండి అని. ‘టేక్ హిమ్ ఎట్ హిజ్ వర్డ్’ వేరు. అతడు అన్న మాటను అన్నట్టే తీసుకొని, దాని ప్రకారం నడచుకోవడం. బస్సులో కలిసిన మిత్రుడు మర్యాదకు ‘ఎప్పుడైనా మా ఇంటికి రండి’ అంటాడు. మరుసటి ఆదివారమే మనం పిల్లాపాపలతో దిగితే, అతణ్ణి ‘ఎట్ హిజ్ వర్డ్’ తీసుకున్నామన్న మాట! మొదటిది నమ్మడం, రెండవది నమ్మి నడవడం.

మన పిల్లలు తరచు చేసే పొరపాటు ఒకటుంది. మాట ఇచ్చాడనడానికి ‘గేవ్ హిజ్ వర్డ్స్’ అని రాస్తారు. ఇచ్చేది ఒక్క మాటే, ‘వర్డ్’ ఏకవచనమే. ‘హ్యాడ్ ఎ వర్డ్’ అంటే కాస్త మాట్లాడాడు. ‘హ్యాడ్ వర్డ్స్’ అంటే పోట్లాడాడు!

ఉప్పు సంగతి మరీ చిత్రం. మనలో ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉండాలి. ఇంగ్లీషులో ఒకరి మాటను ‘చిటికెడు ఉప్పుతో’ తీసుకోవడమంటే పూర్తిగా నమ్మకపోవడం.

‘మై వర్డ్ ఈజ్ మై బాండ్’ అంటే నా మాటే నా పత్రం. 1923లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి తన చిహ్నంలో ఈ మాటనే లాటిన్‌లో చేర్చుకుంది. ఇది మనకు కొత్తా? సంతలో తువాలు కింద వేళ్లు పట్టి ఎద్దుల బేరం కుదుర్చుకున్న మన రైతులు ఏ కాగితం రాసుకున్నారు? మూడు రాష్ట్రాల సరిహద్దుల్లో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగులో అన్నా, తమిళంలో అన్నా, కన్నడంలో అన్నా మాట మాటే.

ఇక కారణం. సర్వీసులో ఉండగా ఒక సహోద్యోగి అప్పుకు ష్యూరిటీ సంతకం చేశాను. ‘నన్ను నమ్మన్నా, నీ మీదికి రానివ్వను’ అన్నాడు. కట్టలేదు. పద్నాలుగు నెలలు నా జీతంలో కోత పడింది. అమ్మాయి కాలేజీ ఫీజుకు మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆమె ఒక్క మాటా అనలేదు. అదే నాకెక్కువ బాధ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. నేను ఆయన మాట విన్నాను, కాగితం చదవలేదు.

ఇప్పుడు మన మాటకూ రుజువు కావాలి. ‘నేను బతికే ఉన్నాను’ అని ఎదురుగా నిలబడి చెప్పినా చాలదు. ఏటా పత్రం ఇవ్వాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో ఆ పని సులువైంది. దాన్ని అవమానంగా భావించవద్దు. కాని, ‘మీ పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’ అని ఫోనులో అడిగేవాడి మాటను మాత్రం చిటికెడు కాదు, పిడికెడు ఉప్పుతో తీసుకోండి!

మనలో మనం ఇచ్చుకున్న మాట నిలబెట్టుకుందాం. సంతకానికి ముందు మాత్రం కాగితం చదువుదాం. పది నిమిషాలన్న మాట తప్పకుండా సెలవు తీసుకుంటున్నాను.