యూరపు యాత్రలో సెల్‌ఫోను వ్యయము



మన పల్లెల బిడ్డలు చదువునకో ఉద్యోగమునకో జర్మనీ మొదలగు దేశములకు పోవుటయు, తల్లిదండ్రులు వారిని చూడబోవుటయు నేడు వింత కాదు. పోవువారు విమానపు టిక్కెట్టును గూర్చి పదిమందిని విచారింతురు. జేబులోని సెల్‌ఫోనును గూర్చి మాత్రము ఎవ్వరిని అడుగరు.

ఒక దేశపు సిమ్ కార్డుతో వేఱొక దేశపు టవరుమీద మాటలాడుటకు రోమింగని పేరు. పొరుగూరి చెఱువునుండి మన పొలమునకు నీరు పెట్టుకొన్నచో ఆ యూరివారికి తీరువ చెల్లింపవలయును గదా! ఇదియు నట్టిదే. యూరోపియన్ యూనియనువారు 2017 జూను 15వ తేదీనుండి తమ దేశములమధ్య నీ యదనపు తీరువను ఎత్తివేసిరి. 2022లో ఆ యేర్పాటును 2032 వఱకు పొడిగించిరి. అందుచేత జర్మనీ కార్డు గలవాడు ఫ్రాన్సునకు పోయినను, ఇటలీకి పోయినను ఇంటి ధరయే. యూనియనులోని 27 దేశములే గాక నార్వే, ఐస్‌లండు, లీక్టెన్‌స్టైనులయందును ఇదే న్యాయము.

ఇచ్చట నొక తిరకాసు కలదు. జర్మనీ కార్డుతో పారిసునుండి బెర్లినునకు మాటలాడినచో అదనము లేదు. బెర్లినులోనే కూర్చుండి పారిసునకు మాటలాడినచో అది రోమింగు కాదు, పరదేశపు కాలు. దానికి నిమిషమునకు 19 సెంట్లు, ఆపై పన్ను మించి తీసికొనరాదని 2019లో హద్దు పెట్టిరి. ఊరు విడిచినవానికి చౌక, ఇంటనున్నవానికి ప్రియము! ఇక ఆ కార్డుతో మన గ్రామమునకు మాటలాడినచో ఈ రెండు నియమములును వర్తింపవు. కంపెనీ చెప్పినదే ధర.

స్విట్జర్లండు యూనియనులో లేదు. కొన్ని కంపెనీలు దానిని తామై చేర్చుకొన్నవి గాని చట్టము నిర్బంధింపదు. సరిహద్దున నున్న బాజెలు పట్టణపు దాపున, జర్మనీ నేలమీద నిలిచియున్నను ఫోను స్విస్ టవరును పట్టుకొనవచ్చును. ఇంగ్లండునకు సయితము 2021నుండి ఈ రక్షణ తొలగినది. ఓడలలోను, విమానములలోను ఉపగ్రహముద్వారా నడచు ఫోనునకు అసలే లేదు.

మఱి విజయవాడలోనో, వరంగల్లులోనో కొన్న కార్డు సంగతి యేమి? యూరపు చట్టము దానికి వర్తింపదు. బయలుదేరకముందే మన కంపెనీవద్ద విదేశపు ప్యాకు తీసికొని, పోదలచిన ప్రతిదేశము పేరును అందున్నదో లేదో చూచుకొనవలయును. ప్యాకు లేనిచో వచ్చిన కాలును ఎత్తినందుకును సొమ్ము పోవును. విమానము దిగకమునుపే డేటా రోమింగును ఆపుట మేలు. లేనిచో మనము ముట్టకున్నను ఫోను తనంతట తానే డేటాను లాగుకొనును. బిడ్డ యింటికి చేరిన పిమ్మట వైఫైమీద వాట్సాపులో ఎంతసేపు మాటలాడినను వేఱు ఖర్చు లేదు.

ఆపదవేళ యూనియను దేశములలో ఎచ్చటనైనను 112 నొక్కిన చాలును. ఆ పిలుపునకు రుసుము లేదు.