సినిమా పాట – నా రిజిస్టరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిలమీద తీర్మానం అయిపోయింది. భోజనాలకు ఇంకా అరగంట టైముంది. అందుకని కార్యదర్శిగారు నన్ను లేపి సినిమా పాటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనం ఈ రోజున సభ పెట్టుకునేది 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారాగారి కేసులో ఇచ్చిన తీర్పుకి గుర్తుగా. పింఛనంటే ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన పనికి దక్కవలసిందే అని ఆ తీర్పు సారాంశం. నేను చెప్పబోయేది కూడా ఒక బకాయి సంగతే. వసూలు కావలసింది మనకు కాదు, మనం తీర్చవలసినది.

నేను ఘంటసాలగారి అభిమానిని. దాచేదేమీ లేదు. 1957లో ‘మాయాబజార్’ వచ్చేసరికి నాకు ఎనిమిదేళ్ళు. నేలక్లాసులో కూర్చుని చూశాను. 1963లో ‘లవకుశ’కి బళ్ళు కట్టుకుని వచ్చిన జనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పట్లో సినిమాహాలు దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. పల్చటి కాగితం, చేతికి అంటే సిరా. కథ సగం చెప్పి, మిగతాది వెండితెరమీద చూడమనేవారు. దాన్లో హీరో పేరుతోపాటు పాట ఎవరు రాశారో, బాణీ ఎవరు కట్టారో, ఎవరు పాడారో ఉండేది. నాకు ఆ పేర్ల పిచ్చి అక్కడ పట్టుకుంది.

తరవాత రేడియో. 1952లో కేస్కర్‌గారు మంత్రిగా వచ్చాక ఆకాశవాణిలో సినిమా పాటలకి కత్తెర పడింది. జనం ముల్లు తిప్పి రేడియో సిలోను పట్టుకున్నారు. 1957 అక్టోబరులో వివిధభారతి మొదలైంది. సిలోనులో మీనాక్షి పొన్నుదురైగారు తెలుగు పాటలు వినిపించేవారు, ఆ గొంతు గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారా? చేతులెత్తండి. ఆహా, అమ్మలే ఎక్కువ ఎత్తారు. ఏ స్టేషనైనా పాటకి ముందో వెనకో చిత్రం పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు చెప్పేవారు. పాట ఉచితమే గాని, పేర్లు ఎగ్గొట్టేవారు కాదు.

1971లో ఎల్.డి.సి.గా చేరాను. మా సెక్షన్లో రెండు పార్టీలు. కిటికీవైపు బల్లలన్నీ రామారావుగారివి, బీరువాలవైపు బల్లలు నాగేశ్వరరావుగారివి. క్యాంటీన్లో టీ చల్లారిపోయేదాకా వాదన. మా హెడ్డుగుమస్తాగారు కరడుకట్టిన నాగేశ్వరరావు మనిషి. రామారావు పార్టీ వాళ్ళ సెలవు చీటీలు రెండు రోజులు ఆలస్యంగా కదిలేవని ఒక అపవాదు కూడా ఉండేది, ఆయన మీద నేను చెప్పను. వాదన ముదిరినప్పుడల్లా నేను ఒకటే అడిగేవాణ్ణి. “అయ్యా, ‘గుండమ్మ కథ’లో ఇద్దరూ ఉన్నారు గదా, మీ ఆయనకి పాడిందెవరు, మా ఆయనకి పాడిందెవరు?” ఇద్దరికీ పాడింది ఘంటసాలగారే. 1962 నాటి ఆ సినిమాకి సంగీతమూ ఆయనదే. ఇటు రామారావుగారికి పాడితే ఆయన గొంతులాగే, అటు నాగేశ్వరరావుగారికి పాడితే ఆయన గొంతులాగే ఉండేది. రెండు పార్టీలూ చప్పట్లు కొట్టేది ఒకే మనిషికని ఒప్పుకోవడానికి వాళ్ళకి మనసొప్పేది కాదు.

ఆ మనిషికి మన విజయనగరంతో ఉన్న రుణానుబంధం మీకు తెలిసిందే. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, సంగీతంమీద ఆశతో ఇక్కడికొచ్చారు. మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పారు. 1942 ఉద్యమంలో జైలుకి కూడా వెళ్ళారు. మహారాజా సంగీత కళాశాల మీదుగా వెళ్ళేటప్పుడు ఇప్పటికీ నా నడక కాస్త నెమ్మదిస్తుంది. సుశీలమ్మగారు కూడా ఈ ఊరి ఆడపడుచే, ఆ కళాశాల విద్యార్థినే. 1974 ఫిబ్రవరి 11, సోమవారం, ఘంటసాలగారు పోయారు. యాభై రెండో ఏడు నిండలేదు. మా సెక్షన్లో ఆ వారమంతా రెండు పార్టీలూ లేవు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయాక వచ్చింది. ఇప్పుడది వీధిలో వినబడితే “ఎవరు పోయారర్రా?” అని అడుగుతున్నాం. మన వయసువాళ్ళకి అది మరీ ఇబ్బంది. బతికుండగానే తీరిగ్గా ఒకసారి వినండి, చాలా బావుంటుంది.

మన ఉద్యోగస్థులు కాలరెగరేసిన సినిమా ఒకటుంది, 1980లో వచ్చిన ‘శంకరాభరణం’. శాస్త్రిగారి వేషం వేసిన జె.వి. సోమయాజులుగారు రెవెన్యూలో డిప్యూటీ కలెక్టరు. ఈ ఊళ్ళో చదువుకున్నవారు, తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి ‘కన్యాశుల్కం’ ఆడినవారు. ఫైళ్ళమీద సంతకం పెట్టే మన మనిషి తెరమీద కచేరీ చేస్తుంటే మేమందరం మాకే ప్రమోషన్ వచ్చినట్టు తిరిగాం. అయితే ఆ గొంతు బాలసుబ్రహ్మణ్యంగారిది, మాట వేటూరిగారిది, బాణీ మహదేవన్‌గారిది. మహదేవన్‌గారు ముందు పాట రాయించుకుని, ఆ మాటలకి బాణీ కట్టేవారు. కవి మాట మింగుడుపడకుండా పోదు, వినండి కావాలంటే.

ఇక అసలు సంగతి. ఇందాక చెప్పిన మా హెడ్డుగుమస్తాగారికి మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఎవరైనా వెళితే కళ్ళలో నీళ్ళు పెట్టుకునేవారు తప్ప ఒక్క ముక్క వచ్చేది కాదు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి మనవడు ఫోనులో ‘గుండమ్మ కథ’ పాట పెట్టాడు. రెండో చరణం దగ్గర ఆయన అందుకున్నారు. మాటలు స్పష్టంగా, తాళం తప్పకుండా. పాట ఆగితే మళ్ళీ మాట లేదు. మాట పోయినా పాట మిగలడం కొందరికి ఉంటుందని, అది మెదడులో వేరే దారిన నడుస్తుందని డాక్టరుగారు తరవాత చెప్పారు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, “ఈ మాటలు ఎవరివి అన్నయ్యగారూ, ఆయన చేత పలికించినవి?” అని అడిగారు. మనవడు ఫోను చూసి, “ఎన్టీఆర్, ఏఎన్నార్ అని ఉంది మామ్మా” అన్నాడు.

పింగళి నాగేంద్రరావుగారివమ్మా, అన్నాను. ఆవిడ ఆ పేరు రెండుసార్లు అనుకున్నారు.

ఆ రాత్రి నా పాత రిజిస్టరు తీశాను. ఆఫీసు తపాలా రిజిస్టరు పద్ధతిలోనే గళ్ళు కొట్టాను: చిత్రం, సంవత్సరం, రచన, సంగీతం, గానం, రిమార్కులు. రిమార్కుల గడి ముఖ్యం. ‘మాయాబజార్’ సంగీతం ఘంటసాలగారిదే గాని, నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివి. పెళ్ళివిందు పాట పాడింది మాధవపెద్ది సత్యంగారు, చాలామంది అది రంగారావుగారి సొంత గొంతే అనుకుంటారు. ‘దేవదాసు’ 1953లో విడుదలయ్యేనాటికి సి.ఆర్. సుబ్బరామన్‌గారు లేరు, మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తిగార్లు పూర్తిచేశారు. ‘మల్లీశ్వరి’ పాటలు కృష్ణశాస్త్రిగారివి. ఇవన్నీ ఫోనులో అడిగితే ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉంటుంది. మన పిల్లలు ఏది ముందు కనపడితే అది నమ్ముతారు. వాళ్ళ తప్పు కాదు, చెప్పేవాళ్ళం మనం ఊరుకున్నాం.

ఇప్పటికి నాలుగు వందల పన్నెండు పాటలు ఎక్కాయి. నా ఎడమ చెవి సరిగా పనిచెయ్యడం లేదు, కాబట్టి తొందరగా సాగాలి. మీ ఇళ్ళల్లో పాత పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డుల అట్టలు ఏవైనా ఉంటే ఒక్క రోజుకి ఇప్పించండి, రాసుకుని పువ్వుల్లో పెట్టి తిరిగి ఇస్తాను. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు నాలుగింటి నించి నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను. అక్షరం బాగున్న మనవలెవరైనా వస్తే మరీ మంచిది, నా చెయ్యి వణుకుతోంది. వంటవాడు ఇటే చూస్తున్నాడు. సెలవు.