ఎపిసోడ్ 41: జాంగో సోర్స్ కోడ్ మన ల్యాప్‌టాప్‌లో రన్ చేద్దాం

పోయిన వారం నాకొక మెసేజ్ వచ్చింది. బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్న అమ్మాయి. "అక్కా, ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేద్దామని జాంగో రిపో క్లోన్ చేశాను. మూడు రోజులైంది, ఇన్‌స్టాలే అవ్వట్లేదు. నాకు కోడింగ్ రాదేమో అనిపిస్తోంది" అని. కింద ఎర్రర్ స్క్రీన్‌షాట్ పెట్టింది.

ఆ స్క్రీన్‌షాట్ చూశాను. తన సిస్టమ్‌లో ఒక సి లైబ్రరీకి సంబంధించిన ఫైల్ లేదు, అంతే. కోడింగ్ రావడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ జాంగో కోడ్ ఒక్క లైన్ చదవకముందే ఆ అమ్మాయి తన గురించి తీర్పు ఇచ్చేసుకుంది. నాకు బాధేసింది, ఎందుకంటే ఒకప్పుడు నేను చేసిందీ ఇదే.

2019, నా ఫైనల్ ఇయర్. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 18.04. అందులో వచ్చే పైథాన్ 3.6. ప్రాజెక్ట్‌కి నాకు 3.7 కావాలి. ఎక్కడో చూసి 3.7 ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్‌లో పైథాన్3 అంటే ఇకనుంచి 3.7 అని మార్చేశాను. పని చేసింది, ఫుల్ హ్యాపీ. రీస్టార్ట్ చేసి టెర్మినల్ ఐకాన్ నొక్కితే ఓపెన్ అవ్వట్లేదు. మళ్లీ నొక్కాను. ఊహూ. మర్నాడు పొద్దున ప్రాజెక్ట్ రివ్యూ. భయమేసి రాత్రికి రాత్రి ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టాను. నా ఫ్రెండ్ రాసిన రిపోర్ట్ చాప్టర్ కూడా అందులోనే ఉంది. బ్యాకప్ లేదు. తను ఒక్క మాట అనలేదు, తెల్లార్లూ కూర్చుని మళ్లీ రాసింది. ఆ తర్వాత రెండేళ్లు నేను ఓపెన్ సోర్స్ వైపు వెళ్లలేదు.

అసలు జరిగిందేంటో తర్వాతెప్పుడో తెలిసింది. ఉబుంటు 18.04లో టెర్మినల్‌ని స్టార్ట్ చేసేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్. దానికి కావాల్సిన మాడ్యూల్ 3.6 కోసం కంపైల్ అయి ఉంది. నేను 3.7కి మార్చేసరికి దానికి ఆ మాడ్యూల్ దొరకలేదు, టెర్మినల్ చచ్చిపోయింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే బ్లాక్ స్క్రీన్‌లో ఇంకో లాగిన్ వచ్చేది. అక్కడ ఒక్క కమాండ్‌తో పాత పైథాన్ తిరిగి పెట్టుకుంటే సరిపోయేది. ఫార్మాట్ అవసరమే లేదు.

అందుకే ఇవాళ మొదటి రూల్: సిస్టమ్‌తో వచ్చిన పైథాన్ మనది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. దాన్ని ముట్టుకోవద్దు. అద్దె ఇంట్లో గోడ పగలగొట్టం కదా, అలాగన్నమాట. 2023 నుంచి డెబియన్ 12, ఉబుంటు 23.04 లాంటివి ఈ మాట గట్టిగానే చెప్తున్నాయి. నేరుగా పిప్ ఇన్‌స్టాల్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తాయి. దాన్ని దాటడానికి "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అని ఒక ఆప్షన్ ఉంది. పేరులోనే ఏం జరుగుతుందో ఉంది, దయచేసి వాడకండి.

సరే, ఇప్పుడు సెటప్‌లోకి వెళ్దాం. స్క్రీన్ మీద కమాండ్ వస్తుంది, నేను చదువుతూ చెప్తాను.

స్టెప్ ఒకటి. గిట్‌హబ్‌లో జాంగో రిపోని ఫోర్క్ చేయండి. అంటే మన అకౌంట్‌లోకి ఒక కాపీ. ఆ ఫోర్క్‌ని గిట్ క్లోన్ కొట్టండి. హాస్టల్‌లో మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లకి ఒక టిప్. జాంగో 2005 నుంచీ బయట ఉన్న ప్రాజెక్ట్, హిస్టరీ చాలా పెద్దది. క్లోన్ కమాండ్‌లో "డబుల్ హైఫన్ డెప్త్ 1" అని పెడితే పాత హిస్టరీ దిగదు. వాళ్ల డాక్యుమెంటేషన్ లెక్కలో దాదాపు 250 ఎంబీ కాస్తా 70కి వస్తుంది.

స్టెప్ రెండు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. "పైథాన్3, హైఫన్ ఎం, వెన్వ్, జాంగోడెవ్". ఇది జాంగోడెవ్ అనే ఫోల్డర్ తయారు చేస్తుంది. మన ప్యాకేజీలన్నీ అందులోకే పోతాయి, సిస్టమ్‌కి ఏమీ అంటదు. పాడైతే ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ చేసుకోవచ్చు, రెండు నిమిషాల పని. వెన్వ్ అనేది 2012లో పైథాన్ 3.3 నుంచి పైథాన్‌తోనే వస్తోంది. ఉబుంటులో మాత్రం "పైథాన్3 హైఫన్ వెన్వ్" ప్యాకేజీని ఆప్ట్‌తో విడిగా పెట్టుకోవాలి.

తర్వాత యాక్టివేట్ చేయాలి. లైనక్స్, మ్యాక్‌లో "సోర్స్, జాంగోడెవ్ స్లాష్ బిన్ స్లాష్ యాక్టివేట్". విండోస్‌లో బిన్ బదులు స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. పవర్‌షెల్ "స్క్రిప్టులు రన్ చేయనివ్వను" అంటే కంగారు పడకండి, మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అందులో చేయండి. ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లో జాంగోడెవ్ అని కనిపిస్తే మీరు లోపల ఉన్నట్టు. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ యాక్టివేట్ చేయాలి. ఇది మర్చిపోయి "నిన్న పని చేసింది, ఇవాళ చేయట్లేదు" అని నాకు మెసేజ్ పెట్టేవాళ్లు చాలామంది.

స్టెప్ మూడు. "పైథాన్, హైఫన్ ఎం, పిప్ ఇన్‌స్టాల్, హైఫన్ ఈ", తర్వాత మీ క్లోన్ ఫోల్డర్ పాత్. ఆ హైఫన్ ఈ అంటే ఎడిటబుల్. మామూలుగా పిప్ కోడ్‌ని కాపీ చేసి లోపల పెడుతుంది. ఎడిటబుల్ అయితే మీ ఫోల్డర్‌కి దారి మాత్రమే చూపిస్తుంది. మీరు ఫైల్‌లో ఒక అక్షరం మార్చినా, తర్వాతి రన్‌లో అదే వాడుతుంది. ఓపెన్ సోర్స్ పనికి ప్రాణం ఇదే.

ఇక్కడ కొందరికి "రిక్వైర్స్ ఏ డిఫరెంట్ పైథాన్" అని వస్తుంది. ఇప్పుడు జాంగో మెయిన్ బ్రాంచ్‌కి పైథాన్ 3.12 లేదా ఆపైన కావాలి. ఉబుంటు 22.04లో ఉండేది 3.10. అప్పుడు నాలాగా సిస్టమ్ పైథాన్ మార్చకండి! 2024లో వచ్చిన యూవీ అనే టూల్ ఉంది. "యూవీ వెన్వ్, డబుల్ హైఫన్ సీడ్, డబుల్ హైఫన్ పైథాన్ 3.12, జాంగోడెవ్" అంటే కావాల్సిన పైథాన్‌ని అదే దించుకుని, పక్కన విడిగా ఎన్విరాన్‌మెంట్ కడుతుంది. సీడ్ పెట్టకపోతే లోపల పిప్ రాదు, గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేను తప్పకుండా చేసే చెక్ ఒకటి. పైథాన్ తెరిచి జాంగోని ఇంపోర్ట్ చేసి, "జాంగో డాట్ డబుల్ అండర్‌స్కోర్ ఫైల్ డబుల్ అండర్‌స్కోర్" ప్రింట్ చేయండి. మీ క్లోన్ ఫోల్డర్ పాత్ రావాలి. ఇంకేదైనా వస్తే, మీరు మారుస్తున్న కోడ్ వేరు, రన్ అవుతున్న కోడ్ వేరు. గంటల తరబడి తల బాదుకునేది ఇక్కడే.

స్టెప్ నాలుగు. క్లోన్‌లో టెస్ట్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, రిక్వైర్‌మెంట్స్‌లో ఉన్న "పీవై3 డాట్ టీఎక్స్‌టీ"ని పిప్ ఇన్‌స్టాల్ హైఫన్ ఆర్‌తో పెట్టండి. ఆ అమ్మాయి ఆగిపోయింది ఇక్కడే. ఈ లిస్ట్‌లో పైలిబ్ఎంసీ అని ఒకటి ఉంది. మీ పైథాన్‌కి సరిపోయే రెడీమేడ్ ఫైల్, అంటే వీల్ దొరికితే సాఫీగా దిగుతుంది. దొరక్కపోతే పిప్ అక్కడికక్కడే సి కోడ్ కంపైల్ చేయాలి. దానికి లిబ్‌మెమ్‌క్యాష్డ్ హెడర్ ఫైల్స్ కావాలి. లేకపోతే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు.

మనం ఏం చేస్తాం? చివరి లైన్ చదివి భయపడతాం. కానీ అసలు సంగతి మధ్యలో ఉంటుంది. పైకి స్క్రోల్ చేస్తూ "ఫేటల్ ఎర్రర్", "నో సచ్ ఫైల్" అన్న మాటలు వెతకండి. అక్కడ ఏ ఫైల్ లేదో పేరుతో సహా చెప్తుంది. ఉబుంటులో "లిబ్‌మెమ్‌క్యాష్డ్ హైఫన్ డెవ్" ఆప్ట్‌తో పెట్టి మళ్లీ రన్ చేయండి. అది కూడా కుదరలేదా? ఆ లైన్ వదిలేసి మిగతావి ఇన్‌స్టాల్ చేసుకోండి. ఏదైనా ప్యాకేజీ లేకపోతే దానికి సంబంధించిన టెస్టులు స్కిప్ అవుతాయి, మిగతావి రన్ అవుతాయి.

స్టెప్ ఐదు. "పైథాన్ రన్‌టెస్ట్స్ డాట్ పీవై". డేటాబేస్ ఏమీ పెట్టక్కర్లేదు, డీఫాల్ట్‌గా ఎస్‌క్యూలైట్ మీద నడుస్తుంది. వేల టెస్టులు ఉన్నాయి కాబట్టి టీ పెట్టుకుని రండి. స్క్రీన్ మీద చుక్కలు వస్తుంటాయి. చుక్క అంటే పాస్. ఎస్ అంటే స్కిప్, ఎక్స్ అంటే ఫెయిల్ అవుతుందని ముందే తెలిసిన టెస్ట్, వీటితో పని లేదు. ఎఫ్, ఈ వస్తేనే చూడాలి. ఒక్క భాగమే కావాలంటే చివర దాని పేరు ఇవ్వండి, ఉదాహరణకి ఐ18ఎన్.

కోడ్ మార్చకముందే ఇదంతా ఎందుకంటారా? ముందు పాస్ అయింది, మీరు మార్చాక ఫెయిల్ అయిందంటే తప్పు మీ మార్పుది. ముందు రన్ చేసి చూడకపోతే తప్పు ఎవరిదో ఎప్పటికీ తెలీదు. తప్పంతా మీదే అనుకుంటారు. మూడు రోజుల తర్వాత "నాకు రాదేమో" అంటారు.

ఇంకో మాట. 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుందా? టీషర్ట్ కోసం రీడ్‌మీ ఫైళ్లలో ఒక పదం చేర్చి పుల్ రిక్వెస్టులు పంపారు చాలామంది. మెయింటెయినర్లు విసిగిపోయారు. చివరికి నిర్వాహకులు నెల మొదట్లోనే రూల్స్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. టెస్టులు రన్ చేసినవాడు అలాంటివి పంపడు. చేయడానికి నిజమైన పని కనిపిస్తుంది కాబట్టి. జాంగో టికెట్లలో "ఈజీ పికింగ్స్" అని ఒక ఫిల్టర్ ఉంటుంది, మొదలు అక్కడ పెట్టండి.

అన్నట్టు, క్లోన్‌లో జాంగో, కాన్ఫ్, లొకేల్ ఫోల్డర్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ టీఈ అని ఒక ఫోల్డర్ ఉంది. అది తెలుగు! ఆ అనువాదాలు పుల్ రిక్వెస్ట్‌తో కాదు, ట్రాన్సిఫెక్స్ అనే సైట్ ద్వారా తీసుకుంటారు. తెలుగు బాగా వచ్చినవాళ్లకి అదొక మంచి దారి.

ఆ అమ్మాయి నిన్న ఇంకో స్క్రీన్‌షాట్ పంపింది. నిండా చుక్కలు, చివర ఓకే. కింద ఒకటే లైన్: "అక్కా, ఇప్పుడేం చేయాలి?" మూడు రోజుల కిందట తనని తాను అడుక్కున్న ప్రశ్న కంటే ఇది ఎంతో మంచి ప్రశ్న. దానికి జవాబు వచ్చే ఎపిసోడ్‌లో, ఒక టికెట్ తీసుకుని కలిసి చూద్దాం. అప్పటిదాకా మీ సెటప్ పూర్తి చేసి, ఎక్కడ ఆగారో కామెంట్ పెట్టండి. ఎర్రర్ మొత్తం పెట్టండి, చివరి లైన్ ఒక్కటే కాదు. ఉంటాను, నమస్తే.