వలస వచ్చిన పిల్లల చదువు – మన బాధ్యత
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సెక్రటరీ సాబ్ పిల్లల చదువు మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మన పిల్లల గురించి యేటా యెవరో ఒకరు చెప్తూనే వున్నారు. యీసారి బతుకుదెరువు కోసం మన మధ్యకు వచ్చినవాళ్ల పిల్లల గురించి మనవి చేస్తాను.

కొన్నేళ్ల కిందట ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని మా బడికి వచ్చాడు. బీహారులోని కిషన్‌గంజ్ జిల్లా వాళ్లు. తండ్రిది బండలు పాలిష్ చేసే పని. పిల్లవాడికి పదేళ్లుంటాయి. టి.సి. లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. "కాగితాలు తెప్పించుకొని రండి" అన్నాము. పాపం, రెండు నెలలు తిరిగాడు. చివరకు చేర్చుకొని, అక్షరాలు సరిగా రావని ఒకటో తరగతిలో కూర్చోబెట్టాము. ఆరేళ్ల పిల్లల మధ్య పదేళ్ల పిల్లవాడు!

ముసల్మాన్ల పిల్లవాడు గదా, ఉర్దూ వస్తుందిలే అనుకున్నాను. వాళ్లింట్లో మాట్లాడేది సూర్జాపురి అని తర్వాత తెలిసింది. మన 'నక్కో', 'కైకూ' వాడికి అర్థం కావు. తెలుగు అసలే రాదు. నోరు విప్పకపోతే మొండివాడనుకొని కసిరాను. కొద్దిరోజులకే బడి మానేశాడు. ఇంటికి పోయి అడిగితే గాజుల కార్ఖానాలో పనికి పెట్టామన్నారు. మళ్లీ పోయేసరికి గదికి తాళం వుంది. వాడెక్కడున్నాడో నాకీనాటికీ తెలియదు. తప్పు వాడిది కాదు, నాది.

2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. వాళ్లలో యెక్కువమంది బీహారు పిల్లలే. పత్రికలో చదివి 'అయ్యో' అనుకున్నాము. ఆ గల్లీలు మనవి కావా? ఆ గాజులు మన పెళ్లిళ్లలో తొడుక్కోలేదా?

చట్టం సంగతి చూడండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లవాణ్ణి వయసు రుజువు లేదని గాని, టి.సి. రాలేదని గాని వెనక్కి పంపరాదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, రాని పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అంటే మేము చేసిన రెండు పనులూ తప్పే! 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లలను కార్ఖానాలో పెట్టుకోవడం నేరం కూడా.

ఆ తర్వాత అరరియా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. యీసారి బుద్ధి తెచ్చుకున్నాను. ఈడు పిల్లల తరగతిలోనే, బాగా కబుర్లు చెప్పే పిల్ల పక్కన కూర్చోబెట్టాను. రోజూ అయిదు మాటలు వాళ్ల భాషలో యేమంటారో ఆమెనే అడిగి, పక్కన ఉర్దూ, తెలుగు మాటలు బోర్డు మీద రాసేవాణ్ణి. మొదట తరగతి నవ్వింది, తర్వాత నేర్చుకున్నది. యేడాది తిరిగేసరికి ఆస్పత్రిలో వాళ్లమ్మకు తెలుగులో మాట సాయం చేసింది ఆ పిల్లే. తల్లి భాష మరిపిస్తేనే కొత్త భాష వస్తుందనుకోవడం పొరపాటు.

యిది ఒక్క మన మతంవాళ్ల సంగతి కాదు. ఇటుక బట్టీలకు ఒడిశా బలాంగీరు, నువాపడా నుంచి వచ్చేవారి పిల్లలదీ యిదే గతి. మన పాలమూరు జనం బొంబాయి, పూనా పోయినప్పుడు వాళ్ల పిల్లలకూ యిదే కష్టం. మనలో గల్ఫుకు పోయినవాళ్లున్న ఇళ్లెన్ని!

సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, జూన్‌లో బడులు తెరవగానే మొహల్లాకు ఇద్దరు చొప్పున ఆ తల్లిదండ్రుల వెంట బడికి పోండి. కూలివాడి మాట వినని చోట మీ మాట వింటారు. రెండు, మన హాలులో సాయంత్రం ఒక గంట తెలుగు చెప్పిద్దాము. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది గనక యీ పిల్లలు అక్కడే తప్పుతారు. ఆ గంట పాఠం నేను చెప్తాను, జీతం వద్దు. మూడు, కార్ఖానాలున్న సోదరులు కోపగించుకోకండి – చిన్న చేతులు పనికి వస్తే బడికి పంపండి.

మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు తమ ఇళ్లలో చోటిచ్చారని పిల్లలకు కథగా చెప్తాము. మనల్ని యెవరూ ఇల్లు అడగడం లేదు. బడి బెంచీ మీద కాస్త చోటు, అంతే.