గోదావరి పేరు మోసిన ఓడలు



ఓడల పేళ్లను గూర్చి ఉపన్యాసమేల యని కొందఱికి తోచవచ్చును. ఇంటిలో శిశువు పుట్టినపుడు పేరు పెట్టు హక్కు తల్లిదండ్రులది. యుద్ధనౌకకు పేరు పెట్టు హక్కు దానిని నడపు ప్రభుత్వమునది. కావున ఒక దేశపు యుద్ధనౌకల పట్టికను చదివినచో, ఆ దేశమునకు యజమాని యెవ్వరో గ్రహింపవచ్చును. మన గోదావరి పేరు మోసిన మూడు ఓడల చరిత్రయే యిందులకు చాలిన నిదర్శనము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున రాయల్ ఇండియన్ నేవీకి స్లూపులను తరగతి ఓడలు ఆఱు సమకూడినవి. వానికి సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి యని మన నదుల పేళ్లు పెట్టిరి. గోదావరి సౌతాంప్టనులోను, కృష్ణ గ్లాస్గోలోను 1943లో జలప్రవేశము చేసినవి. పేళ్లు మనవి, కట్టిన రేవులు ఇంగ్లండు, స్కాట్లండు దేశములవి. ప్రతి పేరునకు ముందు ఆంగ్లప్రభువు గారి భారత నౌక యను బిరుదొకటి యుండెడిది. కృష్ణవేణిని దొరల నోట పలికినట్లు ‘కిస్ట్‌నా’ యనియే ఓడపై వ్రాసిరి. మన నది పేరును మన యోడపై మనము పలుకునట్లు వ్రాసికొను స్వతంత్రము సైతము మనకు లేకుండెను.

పేరు నిచ్చినంత మాత్రమున గౌరవ మిచ్చినట్లు కాదు. ఆ సంగతి 1946 ఫిబ్రవరి 18వ తేదీన లోకమునకు తెల్లమైనది. బొంబాయిలో తల్వార్ అను దేశీయనామము గల శిక్షణకేంద్రమున నావికులు, దుర్భర మైన తిండికిని అధికారుల తిట్లకును విసిగి సమ్మె కట్టిరి. ఆ యగ్ని బొంబాయి నుండి కరాచీ వఱకు ఓడనుండి ఓడకు ప్రాకినది. ఆంగ్లపతాక దిగిన స్తంభములపై కాంగ్రెసు, లీగు, ఎఱ్ఱజెండాలు ఒక్కటిగా నెగిరినవి.

తరువాతి సంవత్సరమే దేశము చీలినది. ఓడలను సైతము పంచుకొనవలసి వచ్చెను. ఆఱు స్లూపులలో నాలుగు మనకును, నర్మద, గోదావరి పాకిస్థానునకును పోయినవి. వారు నర్మదను ‘ఝీలం’ అనిరి. గోదావరిని ‘సింధ్’ అనిరి. ఇందు వారిని తప్పుపట్ట పనిలేదు. నాసికమున పుట్టి మన సీమలో సముద్రము చేరు నది పేరు వారి కేల? వారును తమ ప్రభుత్వము తమదని చాటుకొనిరి. మన వంతునకు వచ్చిన ‘కిస్ట్‌నా’ను మనమును ‘కృష్ణ’గా దిద్దుకొంటిమి. 1950 జనవరి 26న ప్రభువు గారి బిరుదు సైతము తొలగిపోయినది.

రెండవ గోదావరి 1953లో వచ్చినది. ఇది క్రొత్త యోడ గాదు. బ్రిటిషువారు నక్కలవేట సంఘముల పేళ్లు పెట్టిన యొక తరగతి ఓడలలో నిది ‘బెడేల్’. యుద్ధమున దీనిని పోలండు నావికులు నడపి, తమ సైలీషియా సీమవాని పేరున ‘ష్లోంజాక్’ అని పిలిచిరి. తుదకు మనము అరువుపై తెచ్చుకొని ‘గోదావరి’ యంటిమి. దీనితోడనే గంగ, గోమతి యను మఱి రెండును వచ్చినవి. ఒకే ఇనుము మూడు జాతుల భాషలలో మూడు జన్మములెత్తినది! పేరు మార్చుట సులభము. ఓడను కట్టుట కష్టము. అద్దె యింటి గుమ్మమున మన పేరు వ్రాసికొన్నంతలో ఇల్లు మనది కాదు గదా!

ఇల్లు కట్టుకొనుటకు మఱి ముప్పది యేండ్లు పట్టినది. 1983 డిసెంబరు 10న బొంబాయి మజగాఁవ్ రేవున, మన యింజనీర్లు గీచిన నమూనాపై, మన పనివాండ్రు కట్టిన మూడవ గోదావరి నౌకాదళమున చేరినది. దీని వెనుక గంగయు, గోమతియు అచ్చటనే తయారైనవి. అరువు తెచ్చిన మూడు పేళ్లే స్వంత యోడల కెక్కినవి. 1988 నవంబరులో మాల్దీవులపై దండెత్తిన కిరాయిసైనికులు బందీలతో ఓడ నెక్కి పాఱిపోవుచుండగా, వారిని వెంటాడి పట్టినది ఈ గోదావరియే. 2015 డిసెంబరు 23న ఇది కొలువు చాలించినది.

అయినను మనము పొంగిపోరాదు. ఆ మూడవ గోదావరిపై క్షిపణులు సోవియట్టువి, హెలికాప్టర్లు బ్రిటిషువి. 1995లో శిక్షణకై మనము తెచ్చుకొన్న రెండవ ‘కృష్ణ’ బ్రిటిషువారి పాత ‘ఆండ్రోమెడా’యే. కావున స్వాతంత్ర్యము ఒక్కనాటి యర్ధరాత్రమున ముగిసిన కార్యము కాదు. మొదట పేరు మనదైనది. తరువాత జెండా మనదైనది. ఆ పిదప ఓడ మనదైనది. యంత్రమును ఆయుధమును గూడ మనవి యగునంతవఱకు ఆ నామకరణము పూర్తి కానట్లే.

నది యెవ్వరి యనుమతియు కోరక సముద్రమును చేరును. దాని పేరు మోయు ఓడ సైతము అట్లే యుండవలెను. ఆ దినమును తెచ్చు భారము కర్మాగారములలోను, కళాశాలలలోను పనిచేయు మీ చేతులలో నున్నది.