అనాథాశ్రమం నుంచి అరిజోనా దాకా



ఉమ్మడి వరంగల్ జిల్లాలో 1970లో పుట్టిన అనిల జ్యోతిరెడ్డి గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఇంట్లో కూడు కరువై, తల్లి ఉండగానే తల్లి లేని పిల్లగా అనాథాశ్రమంలో చేరింది. పదహారేళ్లకే పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు ఆడపిల్లలు. పొలంలో పొద్దంతా వంగి పనిచేస్తే కూలి 5 రూపాయలు!

ఆ తర్వాత నెహ్రూ యువ కేంద్రం తరఫున రాత్రిబడిలో పెద్దలకు అక్షరాలు నేర్పింది. ఇంటికొచ్చి లంగాలు కుట్టేది, ఒక్కోదానికి రూపాయి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసి టీచరైంది. బడికి రానూపోనూ గంటల ప్రయాణం. ఆ సమయాన్నీ వదల్లేదు, తోటి ప్రయాణికులకు చీరలమ్మింది. ఆమె వ్యాపారబుద్ధి నాకు అన్నిటికన్నా ముందు కనిపించేది ఇక్కడే.

2000లో ఒంటరిగా అమెరికా వెళ్లింది. వీడియో దుకాణంలో, పెట్రోలు బంకులో పనిచేసింది, పసిపిల్లల్ని చూసుకుంది. వీసా పనిమీద తిరిగినప్పుడు ఆ కాగితాల వ్యవహారమంతా ఒంటబట్టింది. ఆ అనుభవంతోనే, దాచుకున్న 40 వేల డాలర్లతో 2001లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో 'కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్' పెట్టింది.

ఈ కథ వింటే ఇంకొకరు గుర్తొస్తారు. సుమారు వందేళ్ల కిందట అదే అమెరికాలో బట్టలుతికి బతికిన నల్లజాతి మహిళ మేడమ్ సీజే వాకర్, కేశసంరక్షణ సరుకులతో సంపన్నురాలైంది. ఆమె మాత్రం ఏడేళ్లకే నిజంగానే అనాథ.

జ్యోతిరెడ్డి ఆత్మకథ పేరు 'ఐనా.. నేను ఓడిపోలేదు'. అనాథ పిల్లల హక్కుల కోసం మన దేశానికొచ్చి గొంతెత్తింది కూడా.